రెండు గంటల చెత్త బండి

లిఫ్ట్ మూడో అంతస్తు దాటి కాస్త దిగి ఆగిపోయేసరికి మాస్టరమ్మ చేతిలో చెత్త సంచీ ఉంది, చేతి గడియారం రెండు దాటి ఒక నిమిషం చూపిస్తోంది. లైటు ఆరిపోయింది. నెత్తి మీద ఓ మూల రేగిపండంత ఎర్ర దీపం వెలిగింది. కరెంటు పోయింది, వస్తుందిలే, పోయిన కరెంటు రాక ఎక్కడికి పోతుంది అనుకుంటూ ఆమె సంచీని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. చెత్త బండి వెళ్ళిపోతుందేమో అన్నదొక్కటే అప్పటి బెంగ. సంచీలో నిన్నటి చేప ముళ్ళున్నాయి, ఈ బండి తప్పితే మళ్ళీ ఎప్పుడొస్తుందో ఏమో, ఇల్లంతా నీచు కంపు పట్టుకుంటుంది. ఆయనకు నీచు కంపు సరిపడదు. సరిపడదని ఎప్పుడూ అనడు, లేచి కిటికీ తీసి నిలబడతాడంతే. ఆయన ఏదీ అనడు. బస్సు డిపోలో ముప్పై ఏళ్ళు మైకు ముందు కూర్చుని వచ్చే బస్సులూ పోయే బస్సులూ ఊరంతటికీ వినపడేలా చెప్పిన మనిషి, ఇంటి గుమ్మంలోకి రాగానే చొక్కాతో పాటు గొంతు కూడా విప్పి కొక్కేనికి తగిలించేసేవాడు. మైకాయన అనేవాళ్ళు అందరూ. పెళ్ళయిన కొత్తలో ఆయన వదిన చెవిలో అంది, "మా మరిది మాటలన్నీ డిపో వాళ్ళే వాడేసుకుంటారే అమ్మాయ్, నీకు గీకితే అడుగున ఏమైనా వస్తాయేమో చూసుకో" అని. తను పడీ పడీ నవ్వింది. అప్పుడది ముచ్చటగానే ఉండేది. తనకు మాటలకు కొదవేముంది, ఇద్దరికీ సరిపడా తనే మాట్లాడేది.

గంట బొమ్మ వేసి ఉన్న మీట నొక్కింది. అడుగున ఎక్కడో బుర్రుమని మోగింది. వేలు తీస్తే ఆగింది. మళ్ళీ నొక్కింది, మళ్ళీ బుర్రుమంది, మళ్ళీ ఆగింది. ఆ ఆగడంలో బిల్డింగ్ మొత్తం చెవులప్పగించి వింటున్నట్టు అనిపించి ఆమె వేలు వెనక్కి తీసుకుంది. ఎవరు వింటారు? ఎనభై నాలుగు ఇళ్ళు. వేసవిలో ఒక్కో బాల్కనీలో నాలుగేసి తడి తువ్వాళ్ళు, మెట్ల నిండా ఇసుక, ఈ లిఫ్ట్ కోసమే వరస కట్టి నిలబడేవాళ్ళు గాలి నింపిన ట్యూబులు భుజానేసుకుని. ఇప్పుడు చలికాలంలో వాళ్ళిద్దరే. కింద ఒకాయన, తాళాలాయన, బిల్డింగ్ చూసుకునే మనిషి, అందరి తాళాలూ ఒక చెక్క బోర్డు మీద మేకులకు తగిలించుకుని వాటి ముందు కూర్చునే ముసలాయన. పోయిన వారం ఆయన పైపుల్లో నీళ్ళు వదిలేస్తూ ప్రతి అంతస్తుకీ తిరిగాడు, ఖాళీ ఇళ్ళ పైపులు చలికి పగలకుండా. ఒక్కో ఇంట్లోంచీ గుడగుడమని గొంతు పుక్కిలించిన చప్పుడు వచ్చి, తర్వాత ఏమీ ఉండేది కాదు. తాళాలాయన ఉన్నాడు కదా, వస్తాడు. గంట విన్నాడు, బూట్లు వేసుకుంటున్నాడు, మెట్ల దగ్గరికొచ్చాడు. ఆమె మనసులోనే ఆయన్ని మెట్టు మెట్టూ ఎక్కించింది. మూడుసార్లు ఎక్కించింది. ఎవరూ రాలేదు.

అరిచింది కూడా. "ఏమండోయ్! ఎవరైనా ఉన్నారా!" అని తెలుగులోనే అరిచేసి, అరిచాక తెలిసి, ఈ దేశపు భాషలో అరవడానికి మాట వెతుక్కుంది. రొట్టె, ఉప్పు, ఎంత, బస్సు, సాయంత్రం, ధన్యవాదాలు. పలకడానికి ఇవే వచ్చు, చేతులతో చూపిస్తూ చెప్తే కొంత పోల్చుకోగలదు. సాయానికి మాట ఏదో ఆయన ఒకసారి చెప్పాడు, నాలుక చివరికి రాలేదు. ఆయనకు మాత్రం వచ్చిన నెలకే పట్టుబడింది. బస్సు పేర్లు విని విని పదునెక్కిన చెవి కదా, ఎవరెలా పలికితే అలాగే పలికేసేవాడు. రొట్టెల కొట్టావిడ మాట్లాడితే ఆయన విని, సగం ఆమెకు చెప్పేవాడు. తాళాలాయన మాట్లాడితే విని, పావు వంతు చెప్పేవాడు. ఆయన నోట్లోంచి ఎంత వస్తే ఈ ఊరు ఆమెకు అంత. కిందటి నెలలో రొట్టెలావిడ ఎదురు బిల్డింగ్ వైపు చూపించి చాలాసేపు ఏదో చెప్పింది, చేతులు తిప్పి, గుండె మీద వేసుకుని, కళ్ళు తుడుచుకుని. "ఏమంటోంది?" అంటే "ఎవరో పెద్దావిడట, చలికాలమంతా ఒక్కతే ఉండేదట" అని ఊరుకున్నాడు. "ఉంటే?" అంది తను. "ఉండేదట," అన్నాడు మళ్ళీ, రొట్టె సంచీలో వేసుకుంటూ. ఇంటికి నడుస్తూ ఆ బిల్డింగ్ వైపు చూసింది. మూడో అంతస్తులో ఒక కిటికీకి తెర సగం ఊడి వేలాడుతోంది. వసంతం దాకా ఎవరూ ఆ తెర సరిచేయరు. ఆ ఏడు వసంతంలో వచ్చి ఆవిడ తలుపు తీసినవాళ్ళకు ఏం కనిపించి ఉంటుందో అప్పుడు అడగాలనిపించలేదు. ఇప్పుడు అడగడానికి మనిషి లేడు.

కూర్చుందాం, నిలబడితే కాళ్ళు లాగుతున్నాయి. సంచీని మూలకు నెట్టి, గోడకానుకుని జారి కూర్చుంది. కూర్చోగానే లిఫ్ట్ కాస్త ఊగింది. ఊగిందా? ఊపిరి బిగబట్టి చూసింది. కిందినుంచి గాలి లేచి లిఫ్ట్ గొట్టంలోకి దూరి, ఖాళీ సీసాలోకి ఊదినట్టు ఊఁఊఁ అంటోంది, ఆ ఊదుడుకు తాడు మీది పెట్టె నెమ్మదిగా అటూ ఇటూ కదులుతోంది. సముద్రం ఇక్కడిదాకా వినిపిస్తోంది. నాలుగు నెలల్లో ఎన్నడూ ఇంత దగ్గరగా వినిపించలేదు. పునాదుల కింద నుంచి వస్తున్నట్టుంది. పొద్దున ఆయన వెళ్ళేటప్పుడు బూడిద రంగులో ఉంది, అలలు గట్టు రాళ్ళ మీదికి ఎగిరి పడుతున్నాయి. "ఇవాళే వెళ్ళాలా? ఎలా ఉందో చూశారా?" అంది. "నివాస పత్రం వేలిముద్రలకు ఇవాళే రమ్మన్నారు," అన్నాడు. "సాయంత్రం బస్సుకు వచ్చేస్తారుగా?" "వచ్చేస్తా." ఆ వచ్చేస్తా అన్నప్పుడు ఆయన గొంతు, ఎక్కడో విన్న గొంతు, ఎక్కడ? డిపోలో. మైకులో. మీ ప్రయాణం సుఖంగా సాగుగాక అని చివర చెప్పే గొంతు. ఛీ, ఏమిటీ పిచ్చి ఆలోచనలు, చీకట్లో కూర్చుంటే ఇలాంటివే వస్తాయి.

ఇరవై ఎనిమిదేళ్ళు ఆమె బట్టల కంపెనీలో కటింగ్ మాస్టరు. ఎనభై పొరల గుడ్డ బల్ల మీద పరిచి, పైన సుద్దతో గీత గీసి, మిషన్ కత్తి పెట్టి ఒక్క నడకలో కోసుకుపోవాలి. ఒక్క వెంట్రుకవాసి తప్పితే ఎనభై చొక్కాలు తప్పుతాయి. అందుకని గీసేటప్పుడు ఎంతసేపైనా ఆలోచించేది, గీశాక రెండోసారి చూసేది కాదు. కింద కొత్తగా చేరిన అమ్మాయిలు "భయం వేయదా మాస్టరమ్మా?" అని అడిగితే "భయపడితే చెయ్యి వణుకుతుంది, చెయ్యి వణికితే గుడ్డ పోతుంది, అందుకని భయపడను" అనేది. ఈ ఊరిని కూడా అలాగే కోసింది. మొదటిసారి కంపెనీ పని మీద వచ్చి, ఆయన్ని కూడా రప్పించుకుని, నాలుగు రోజులుంది. ఆ ఎండ, ఆ నీలం, గట్టు మీద వరసగా చారల గొడుగులు, సాయంత్రం బ్యాండు వాయించేవాళ్ళు, ముసలివాళ్ళు కూడా చెప్పులు చేత్తో పట్టుకుని నీళ్ళలో నడవడం. జీవితమంతా ట్యూబ్ లైట్ల కింద నిలబడ్డ ఆమెకు ఒళ్ళంతా కళ్ళయిపోయాయి. తర్వాత ప్రతి వేసవీ పది రోజులు. అయిదో వేసవిలో, ఐస్‌క్రీం తింటూ, "ఇక్కడే ఉండిపోదామా?" అంది. ఆయన చేతి మీద ఐస్‌క్రీం కారుతోంది. దాన్ని తుడుచుకుంటూ "సరే" అన్నాడు. అంతే. గీత గీసేసింది. ఇల్లమ్మడం, సామాను పంచెయ్యడం, అమ్మాయికి చెప్పడం, ఒక్క నడకలో అయిపోయాయి. అమ్మాయి ఫోన్‌లో ఒకటే అడిగింది, "అమ్మా, నాన్నని అడిగావా?" "అడక్కుండా ఎలా చేస్తానే, సరే అన్నారు." "నాన్న దేనికి సరే అనలేదో చెప్పు." అక్క అయితే ఇంకా మోటు. "మీ ఆయన్ని గోడకి మేకు కొట్టి తగిలిస్తానన్నా సరే అంటాడే. ఏ గోడకో కూడా అడగడు." అప్పుడు కూడా నవ్వింది. ఎన్నిసార్లు నవ్విందో. అల్మారా వంటింట్లోకి జరుపుదామంటే సరే. అది పదకొండేళ్ళు ముందుగదిలోనే ఉంది. అమ్మాయిని ఫలానా కాలేజీలో చేర్పిద్దామంటే సరే. దరఖాస్తు ఆఖరు తేదీ దాటాక తెలిసింది ఆయన ఇవ్వనే లేదని. కాదనడం ఆయనకు చేతకాదు. సరే అంటాడు, తర్వాత ఏమీ చేయకుండా కూర్చుంటాడు, ఆ కూర్చోవడమే ఆయన కాదనడం. ఇన్నేళ్ళూ దాన్ని బద్ధకమనుకుంది. మతిమరుపనుకుంది. మంచితనమని కూడా అనుకుంది.

ఎర్ర దీపం రెండుసార్లు కొట్టుకుని ఆరిపోయింది.

చీకటి ఒక్కసారిగా ముక్కు దాకా వచ్చి నిలబడినట్టయింది. ఆమె చేతులు తనకు తెలియకుండానే తలుపు సందు వెతికాయి, వేళ్ళు దూర్చి, రెండు రెక్కలనూ లాగింది, గోరు విరిగింది, లాగింది. బెత్తెడు తెరుచుకుంది. ఎదురుగా గరుకు సిమెంటు గోడ. దాని మీద చెయ్యి వేస్తే చల్లగా చెమ్మగా ఉంది. కాళ్ళ దగ్గర మాత్రం, గోడ అయిపోయిన చోట, రెండో అంతస్తు తలుపుకున్న సన్నటి గాజు పలక పైకొస జానెడు మేర కనిపిస్తోంది. నేల మీద బోర్లా పడుకుని కన్ను ఆనించింది. రెండో అంతస్తు వరండా. చివరి కిటికీలోంచి వచ్చే మురికి వెలుతురు, వరసగా మూసిన తలుపులు, ఒక తలుపు పక్కన ఎవరో మర్చిపోయిన పసుపు ప్లాస్టిక్ బొక్కెన, చిన్నపిల్లలు ఇసుకలో ఆడుకునేది. బొక్కెనని చూస్తూ ఉండిపోయింది. కదిలే వస్తువేదీ లేనప్పుడు కన్ను కదలని వస్తువుని కూడా కదిలిస్తుంది. బొక్కెన కొంచెం జరిగినట్టనిపించింది. లేదు. గాలి. లేదు, జరగలేదు.

అప్పుడు పైన ఫోన్ మోగింది. తన ఫోన్. నాలుగో అంతస్తులో, వంటింటి గట్టు మీద, ఛార్జింగ్‌కి పెట్టి వచ్చిన ఫోన్. రెండు నిమిషాల పనికి ఫోనెందుకని. తలుపు దగ్గరగా వేసి వచ్చింది, అందుకే వినిపిస్తోంది, సన్నగా, మెట్ల మీద నుంచి దొర్లుకుంటూ వస్తున్నట్టు. అమ్మాయి అయ్యుంటుంది. మోగి మోగి ఆగింది. మళ్ళీ మోగింది. అమ్మాయి ఒకసారి ఎత్తకపోతే మళ్ళీ చేయదే, మెసేజ్ పెడుతుంది. మళ్ళీ మోగింది. ఎవరికో చాలా తొందరగా ఉంది. "ఉన్నానమ్మా, ఇక్కడున్నాను," అంది చీకటితో, అని, తన గొంతు విని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. చేతికి చేప కంపు.

గడియారానికి పచ్చటి ముళ్ళున్నాయి, చీకట్లో మెరుస్తాయి. రెండూ ముప్పై అయిదు. చెత్త బండి వచ్చి వెళ్ళిపోయి ఉంటుంది. బండి చప్పుడు వినపడలేదే. అంత పెద్ద బండి, వెనక్కి వచ్చేటప్పుడు పీపీమని అరుస్తుంది, నాలుగో అంతస్తులోకి వినపడేది. రాలేదా? రెండింటికన్నాడుగా. నిన్న సాయంత్రం కింద గోడకు కొత్త కాగితం అంటించి ఉంది, తాళాలాయన చేతిరాత, పెద్ద పెద్ద అక్షరాలు, కొన్నిటి కింద రెండేసి గీతలు. ఆయన దాని ముందు నిలబడి చదివాడు. పైనుంచి కిందిదాకా చదివాడు. తను పక్కనే నిలబడి ఆయన చదవడం చూసింది, కళ్ళు ఆఖరి వరస దాకా వెళ్ళి మళ్ళీ మొదటికొచ్చి మళ్ళీ చదివాయి. "ఏం రాశాడు?" అంది. "ఏం లేదు." "ఇంత పొడుగు రాసి ఏం లేదా? ఆ రెండు ఏమిటి, దాని కింద గీతలు కొట్టాడు?" ఒక్క అంకె మాత్రమే ఆమె చదవగలిగింది అందులో. ఆయన ఒక క్షణం ఆగాడు. ఆగాడు, ఔను, ఆగాడు. "చెత్త డబ్బాల గురించి. రేపు రెండింటికి బండి వస్తుందట. ఆ టైముకు కింద పెట్టేయాలట." చెత్త డబ్బాల గురించి అయితే రెండుసార్లు ఎందుకు చదివాడు?

ఆ ప్రశ్న వచ్చి ఆమె పక్కన కూర్చుంది. పోదు. రెండింటికి లిఫ్ట్ ఆగింది. రెండింటికి కరెంటు పోయింది. కాగితం మీద రెండు. పొద్దున ఆయన సంచీ. వేలిముద్రలకు వెళ్ళే మనిషి పెద్ద సంచీ ఎందుకు తీసుకెళ్ళాడు? "వాన పడితే మార్చుకోడానికి" అన్నాడు. బీపీ మాత్రల డబ్బా, వారానికి సరిపడా గదులున్న ప్లాస్టిక్ డబ్బా, పొద్దున సింకు పక్కన ఉండాలి. పళ్ళు తోముకుంటుంటే అక్కడ ఖాళీగా అనిపించింది, ఏం ఖాళీయో అప్పుడు తట్టలేదు, ఇప్పుడు తట్టింది. గుమ్మంలో ఆయన వెనక్కి తిరిగి చూశాడు, తనని కాదు, కిటికీని, కిటికీ అవతల నీళ్ళని. ఎందుకో "లోపలే ఉండు, చలిగా ఉంది" అన్నాడు. ముప్పై ఒక్కేళ్ళలో ఆయన చలి గురించి చెప్పడం అదే మొదటిసారి. ఎంత ముచ్చటపడింది తను! తలుపు వేసుకుని వంటింట్లోకి వెళ్తూ కూనిరాగం కూడా తీసింది. గుండెలో ఏదో చిన్నగా, గుడ్డ అంచున దారం తెగినట్టు, తెగింది. ఒక్క దారమే, కానీ దాన్ని పట్టుకుని లాగితే ఎంత దూరం వస్తుందో ఆమెకు తెలుసు. లాగకూడదనుకుంది. లాగింది. వేసవి అయిపోయి దుకాణాలు ఒక్కొక్కటే రేకులు దించుకుంటున్న రోజుల్లో ఐస్‌క్రీం అమ్మే ఆవిడ బండి కడుగుతూ మళ్ళీ వేసవికి కలుద్దామంది. తను గొప్పగా, వేళ్ళతో చూపించి చెప్పింది, మేం ఇక్కడే, చలికాలం, ఇద్దరం. ఆవిడ నవ్వలేదు. తన వైపు చూడకుండా ఆయన వైపు చూసి ఒకటే మాట అడిగింది. ఆయన తల వంచుకున్నాడు. ఆ మాట ఇప్పటిదాకా ఆయన చెప్పలేదు, తనూ అడగలేదు. అడక్కుండానే తెలుస్తుంది. నీకిష్టమేనా అని అడిగి ఉంటుంది. ఊరూ పేరూ తెలియని ఐస్‌క్రీం ఆవిడకు తోచింది, తనకు తోచలేదు.

మూడూ పది. మూడూ పదిహేను. కాళ్ళు మొద్దుబారాయి. గాలి హోరు పెరిగింది, పెట్టె ఇప్పుడు బాగానే ఊగుతోంది, ఊగినప్పుడల్లా ఇనుము ఇనుముకు రాసుకుని మూలుగుతోంది. ఫోన్ మోగడం మానేసింది. చలికాలం ఎన్ని రోజులు? సంచీలో చేప ముళ్ళు. తాగడానికి నీళ్ళు లేవు. ఎదురు బిల్డింగ్‌లో పెద్దావిడ మంచం మీద పోయిందో, ఇలా ఎక్కడైనా...

కింద తలుపు దడాలుమంది.

ఆమె మళ్ళీ నేల మీద పడి కన్ను ఆనించింది. రెండో అంతస్తు గోడ మీద టార్చి వెలుగు ఊగుతూ ఎక్కుతోంది, దాని వెనక బూట్ల చప్పుడు, గొణుగుడు, ఎవరినో తిడుతున్న గొణుగుడు. చెప్పు తీసి తలుపు మీద బాదింది. చేతిలో ఎంత బలం ఉందో అంతా పెట్టి బాదింది. నోట్లోంచి ఏ భాషా కాని అరుపు వచ్చింది. వెలుగు ఆగింది. గాజు పలకలోకి ఒక ముఖం వచ్చింది, పైకి చూస్తూ, తెల్లటి మీసాలు, తెరుచుకున్న నోరు. తాళాలాయన ఆమెను చూసిన చూపు మనిషిని చూసినట్టు లేదు.

ఆయన కిందికి పరిగెత్తి మెయిన్ వేశాడు. లైటు వెలిగింది, లిఫ్ట్ ఏమీ ఎరగనట్టు మర్యాదగా దిగి, కింద తలుపులు తెరిచింది. ఆమె బయటికి వచ్చి ఉత్తరాల డబ్బాల వరసకు ఆనుకుని నిలబడింది. చెత్త సంచీ ఇంకా చేతిలోనే ఉంది. తాళాలాయన దాన్ని నెమ్మదిగా తీసుకుని కింద పెట్టాడు. తర్వాత ఆమెకు అర్థమయ్యేలా ఒక్కో మాటా విడదీసి, చేతులతో చూపిస్తూ మాట్లాడాడు.

"మీరు ఇక్కడ ఎందుకున్నారమ్మా? వెళ్ళిపోయారు కదా?"

"ఎవరు చెప్పారు?" అంది తెలుగులోనే, చెయ్యి తిప్పి.

"మీ ఆయనే. నిన్న రాత్రి. ఇద్దరం పొద్దుటి బస్సుకే వెళ్ళిపోతున్నాం అన్నారు. అందుకే రెండింటికి కరెంటు కట్టేసి వెళ్ళిపోయాను. కాగితం కూడా పెట్టాను." గోడ మీది కాగితాన్ని వేలితో పొడిచాడు. "మీ ఇంటి తాళం, నలభై మూడు, నా బోర్డు మీదికి రాలేదు. దారిలో గుర్తొచ్చి తిట్టుకుంటూ వెనక్కొచ్చాను. తాళం లేకపోతే ఎలాగమ్మా? అన్ని తాళాలూ ఉండాలి నాకు." చెప్తూ చెప్తూ ఆ ముసలాయన లిఫ్ట్ వైపు తిరిగి చూశాడు. తను వెనక్కి రాకపోయుంటే అన్నది ఆయనకు అప్పుడే తట్టినట్టుంది.

"ఆయన సాయంత్రం బస్సుకు వస్తారు," అంది మాస్టరమ్మ. బస్సు, సాయంత్రం, ఆ మాటలు వచ్చు.

తాళాలాయన టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. "సాయంత్రం బస్సు లేదమ్మా. నిన్నటితో అయిపోయింది. ఇవాళ పొద్దున వెళ్ళిందే ఆఖరు బస్సు. ఇంక వసంతానికే."

ముప్పై ఏళ్ళు బస్సుల వేళలు ఊరికి చదివి వినిపించిన మనిషి. నిద్రలో లేపి అడిగినా తప్పు చెప్పడు. ఆమె ఏడవలేదు. "అలాగా," అంది తెలుగులో.

తన బండి బయట ఉందని, సముద్రం ఎక్కి వస్తోందని, రోడ్డు ఇంకో గంటకు మునిగిపోవచ్చని, తన కూతురి ఇంట్లో ఈ పూటకు ఉండొచ్చని ఆయన అలాగే చేతులతో చెప్పాడు. పది నిమిషాలు, అని వేళ్ళు చూపించి ఆమె మెట్లెక్కింది. లిఫ్ట్ వైపు చూడలేదు. ఇల్లు ఎప్పటిలాగే ఉంది, అదే వింత. ఆయన చొక్కాలు, ఆయన చెప్పులు, ఆయన సగం చదివి బోర్లించిన పత్రిక. ఎవరూ ఎక్కడికీ వెళ్ళని ఇల్లులా ఉంది. ఫోన్ నిండా ఆయన పిలుపులే, పదిహేడు. చేసింది ఆయన. చెప్పాల్సింది మొహం చూసి చెప్పలేక ఫోన్‌లో చెప్పేసి చేతులు దులుపుకుందామనుకున్నాడు కాబోలు. దాన్ని ఆపేసి సంచీలో పడేసింది. తన పాస్‌పోర్టు కోసం సొరుగు లాగితే కాగితాల ఫైలు. అందులో తన నివాస పత్రం, ముద్ర వేసి, ఫొటో అంటించి. దాని కింద ఆయన దరఖాస్తు. నాలుగు నెలల్లో మూడుసార్లు ఆఫీసుకని వెళ్ళొచ్చాడు, ఇవాళ్టితో నాలుగు. దరఖాస్తు తెల్లగా ఉంది. పేరు రాయాల్సిన గడిలో పెన్ను ఆనించిన ఒక చుక్క మాత్రం ఉంది. ఆ చుక్కని చాలాసేపు చూసింది. అక్కడ పెన్ను పెట్టి ఎంతసేపు కూర్చున్నాడో. కోపం రావాలి. వస్తుందేమోనని ఎదురుచూసింది. కిటికీ అద్దం మీద అల నురుగు వచ్చి కొట్టింది, నాలుగో అంతస్తు కిటికీ మీద, ఆమె ఉలిక్కిపడి సంచీ జిప్పు లాగింది.

తాళాలాయన బండిని గట్టు రోడ్డు మీదికి తిప్పాడు. నలభై మూడు తాళాన్ని రెండుసార్లు జేబులో తడిమి చూసుకున్నాడు. గట్టు మీద గొడుగుల కర్రలు మోడుల్లా నిలబడి ఉన్నాయి. రొట్టెల కొట్టు రేకు మీద గాలి గుద్దుతోంది. ఊరు దాటితే సముద్రం మధ్యగా వేసిన రోడ్డు, నాలుగు కిలోమీటర్లు, అటూ ఇటూ నీళ్ళు. వెలుతురు తగ్గుతోంది, నీళ్ళూ ఆకాశమూ ఒకే రంగులో కలిసిపోయాయి. సగం దూరం వచ్చాక హెడ్‌లైట్ల వెలుగులో ఎదురుగా మనిషి. తడిసిన కోటు, చేతిలో పెద్ద సంచీ, గాలికి ఒక పక్కకు ఒరిగి నడుస్తున్నాడు, ఊరి వైపు. వెలుగు పడితే మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"ఎవడో పిచ్చివాడు," అన్నాడు తాళాలాయన, కణత దగ్గర వేలు తిప్పుతూ. "ఈ రోడ్డు మీద, ఈ గాలిలో."

బండి అతన్ని దాటేసింది. ఆ సంచీ ఆమెకు తెలుసు. పక్క అద్దంలో ఆ ఆకారం చిన్నదవుతోంది, ఇంకాస్త చిన్నదవుతోంది, ఇంకాస్త ఊరుకుంటే ఉండదు. ఊరుకోవడం ఇంత తేలికా, అనిపించింది. ఒక్క మాట అనకపోతే చాలు, మిగతాదంతా దానంతటదే జరిగిపోతుంది.

"ఆపండి," అంది, తాళాలాయన భుజం పట్టుకుని.

ఆయన పరిగెత్తుకుంటూ వచ్చాడు, దారిన పోయే బండి ఏదో జాలిపడి ఆగిందనుకున్నట్టున్నాడు. తలుపు లాగి, లోపల ఆమెను చూసి, తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. పెదాలు నల్లబడి ఉన్నాయి.

"లిఫ్ట్," అన్నాడు. రొప్పుతున్నాడు. "రెండింటికి కరెంటు తీసేస్తారు. కాగితంలో ఉన్నది అదే. చెత్త బండి కాదు. స్టేషన్‌లో గడియారం రెండు కొడుతుంటే గుర్తొచ్చింది, ఆ టైముకు కిందికి దిగమని నేనే చెప్పానని. ఫోన్ చేశాను, చేశాను, నువ్వు ఎత్తలేదు. టాక్సీవాడు రోడ్డు మొదట్లో దింపేశాడు, రానన్నాడు."

ఒక్కసారిగా ఆయన అన్ని మాటలు మాట్లాడటం ఆమె ఎన్నడూ వినలేదు.

"నేను లోపలే ఉన్నాను," అంది. "గంటన్నర."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. అల ఒకటి రోడ్డు అంచు దాటి వచ్చి ఆయన బూట్ల మీదుగా పారి అవతలికి దిగిపోయింది.

"గుర్తు రాకపోయుంటే?" అంది మాస్టరమ్మ.

ఆయన సరే అనడానికీ ఊరుకోవడానికీ వీల్లేని ప్రశ్న అది.

"రాకపోయుంటే రైలెక్కేవాణ్ణి," అన్నాడు. "టికెట్ తీసుకున్నాను. నేను ఇక్కడ ఉండలేను. మొదటి రోజు నుంచీ ఉండలేను. నీకు చెప్పలేకపోయాను."

ముప్పై ఒక్కేళ్ళకు ఒక నిజం మాట. ఇంతకాలం అదే కావాలనుకుంది. వచ్చాక చూస్తే లిఫ్ట్‌లో ఆ చీకటి కన్నా అదే ఎక్కువ భయపెట్టింది. ఈ మనిషి పక్కన ఇన్నివేల రాత్రులు నిశ్చింతగా నిద్రపోయింది. కసాయివాడైనా కాడు. మంచివాడు, పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఒక్క మాట చెప్పలేక మనిషిని చంపగలిగేంత మెత్తటివాడు. ఇంకా దేనిదేనికి సరే అని ఉన్నాడో. అవన్నీ ఎక్కడెక్కడ, ఏ ఏ గంటలకు ఆ లిఫ్ట్‌లా ఆగబోతున్నాయో.

తాళాలాయన వెనక అద్దంలోంచి ఊరి వైపు చూసి, ఏదో గబగబా అన్నాడు. ఆమె అలవాటుగా భర్త మొహంలోకి చూసింది.

"ఏమంటున్నాడు?"

ఆయన తలుపు పట్టుకున్న చెయ్యి వదల్లేదు. ఈసారి ఆగలేదు, మొత్తం చెప్పాడు. "వెనక రోడ్డు మునిగిపోయిందట. ముందు కూడా నీళ్ళొస్తున్నాయట. ఎక్కితే ఇప్పుడే ఎక్కమంటున్నాడు, దాటగలమో లేదో తనకే తెలీదంటున్నాడు."

"ఎక్కండి," అంది, జరిగి చోటిస్తూ.

ఆయన ఎక్కాడు. బండి కదిలింది. లైట్లు పడినంత మేరా తెల్లటి నురుగు అడ్డంగా పాకుతోంది, దాని కింద రోడ్డు ఎక్కడుందో తాళాలాయన ముందుకు వంగి, అద్దానికి ముక్కు ఆనించి, వెతుక్కుంటూ నడుపుతున్నాడు.